ఐదో తీగ ఎవరి కోసం?



ఈ మధ్యే ఒక కొత్త బేస్ గిటార్ కొన్నాను. ఐదు తీగలది. ఇన్నేళ్లూ నాలుగు తీగల బేస్‌తోనే ఆర్కెస్ట్రా ప్రోగ్రాములు నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఒక తీగ పెరిగింది. ఆ పెరిగిన తీగ చేతికి ఎట్లా తగిలింది, చెవికి ఎట్లా తగిలింది, అసలది ఎవరికి పనికొస్తుంది? ఈ మూడు సంగతులు ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

మాకు గిటార్ రాదు కదా అని రేడియో కట్టేయకండి. ఈ సంగతి వాయించేవాళ్లకన్నా వినేవాళ్లకే ఎక్కువ. బేస్ గిటార్ మీరు రోజూ వింటున్నదే. వింటున్నారు గానీ, గమనించి ఉండరు.

ముందు అక్కడ మొదలుపెడదాం.

ఇళయరాజా గారి పాట ఒకటి తలుచుకోండి. 1988లో వచ్చిన 'అభినందన' పాటైనా సరే, ఆ మరుసటేడు వచ్చిన 'గీతాంజలి' పాటైనా సరే. మనసులోనే పాడుకోండి. పల్లవి దానంతట అదే వచ్చేస్తుంది. మధ్యలో వయొలిన్లు ఎక్కడ ఎగిసిపడతాయో, వేణువు ఎక్కడ అందుకుంటుందో గుర్తుకొస్తాయి. వాటన్నిటి కింద ఇంకొకటి నడుస్తూ ఉంటుంది. లావుగా, మెత్తగా, దుమ్... దుదుమ్... అంటూ. అది డ్రమ్ కాదు. తబలా కాదు. దానికి రాగం ఉంది, దారి ఉంది. అదే బేస్ గిటార్.

ఇళయరాజా గారి పాటలకు ఏళ్ల తరబడి ఆ బేస్ వాయించిన కళాకారుడు శశిధరన్. రెహమాన్ గారి పాటల్లో చాలాకాలం వాయించినది కీత్ పీటర్స్. ఆ తర్వాత మోహినీ డే అనే అమ్మాయి. పాడినవాళ్ల పేర్లు మనకు కంఠస్థం. రాసినవాళ్ల పేర్లూ తెలుసు. ఈ ముగ్గురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? బేస్ వాయించేవాళ్ల సంగతి ఎక్కడైనా ఇంతే. వాళ్లు ఉన్నారని తెలియదు. లేకపోతే మాత్రం వెంటనే తెలుస్తుంది.

మాది హైదరాబాద్ పాతబస్తీ. చార్మినార్ నుంచి శాలిబండ మీదుగా వస్తే లాల్‌దర్వాజా. ఆషాఢమాసంలో గోల్కొండలో మొదలైన బోనాలు, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దగ్గర జరిగి, ఆ తర్వాత మా సింహవాహిని మహంకాళి అమ్మవారి దగ్గరికి వస్తాయి. ఆ రోజున బోనం ఎత్తుకుని వచ్చే ఆడబిడ్డను ఎప్పుడైనా చూశారా? అందరి కళ్లూ కుండ మీదే. పసుపు మీద, వేపమండల మీద, పైన వెలిగే దీపం మీద. ఆ దీపం కొండెక్కకుండా కాపాడేది ఆమె నడక. పాటలో గొంతు ఆ దీపం అనుకుంటే, బేస్ ఆ నడక. ఎవరూ చూడరు. కానీ నడక తడబడితే దీపం ఉండదు.

సరే, ఇప్పుడు వాయిద్యం దగ్గరికి వద్దాం.

బేస్ గిటార్ మరీ పాతదేం కాదు. పూర్వం ఈ పని డబుల్ బేస్ చేసేది. చూడటానికి వయొలిన్ ఆకారమే, ఎత్తు మాత్రం మనిషిని మించి. పక్కన నిలబడి, ఒళ్లు ఆనించి వాయించాలి. రైలెక్కించడం, బస్సెక్కించడం పెద్ద అవస్థ. 1930లలోనే అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన దీన్ని గిటారంత చేసి, కరెంటుతో పలికించాడు. అప్పట్లో అది అంతగా పాకలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' తెచ్చాడు. అక్కడి నుంచి లోకమంతా పాకింది. దానికి నాలుగు తీగలు. సన్న తీగ నుంచి లావు తీగకు వస్తే జి, డి, ఏ, ఈ. అన్నిటికన్నా కింద పలికేది ఈ.

మరి ఐదోది ఎందుకొచ్చింది? 1980లలో సినిమా పాటల్లోకి, డిస్కో పాటల్లోకి కీబోర్డు సింథసైజర్లు జోరుగా వచ్చాయి. కీబోర్డులో ఎడమ చేత్తో ఇంకా కిందికి, ఈ కన్నా కిందికి దిగిపోవచ్చు. గిటార్ పట్టుకున్నవాడు మాత్రం 'ఈ' దగ్గర ఆగిపోవాలి. అందుకని 'ఈ' తీగకు కింద మరో లావు తీగ వేసుకున్నారు. దాని పేరు బి. అప్పటికే ఒకరిద్దరు కళాకారులు ఇలాంటివి చెప్పి చేయించుకుని వాయిస్తున్నారు. కంపెనీలు వరసగా తయారుచేసి దుకాణాల్లో పెట్టడం ఆ తర్వాతే.

ఇక నా గిటార్.

తల మీద జపాన్ కంపెనీ పేరు. వెనకవైపు చూస్తే ఇండోనేషియాలో తయారైనట్టు ముద్ర. అట్టపెట్టె విప్పగానే వార్నిష్ వాసన. భుజానికి తగిలించుకుంటే మొదట తెలిసింది బరువు. నాలుగు కిలోల పైమాట. అరగంట నిలబడితే ఎడమ భుజం మాట్లాడటం మొదలుపెడుతుంది. బెల్టు వెడల్పాటిది కొనుక్కోవాల్సి వచ్చింది.

రెండోది, మెడ. గిటార్ మెడ అంటే ఎడమచేయి పట్టుకునే భాగం. ఐదు తీగలు పట్టాలి కాబట్టి అది వెడల్పు. వెడల్పే అనుకుంటే, తీగల మధ్య సందు తగ్గింది. అంటే ఎడమచేతికి ఎక్కువ దూరం, కుడిచేతికి తక్కువ చోటు. చేతులు రెండూ ఇన్నేళ్ల అలవాటు మార్చుకోవాలి. ఏ తీగ ఎక్కడుందో చూడకుండానే తెలిసేది. ఇప్పుడు మళ్లీ వంగి చూసుకోవాల్సి వస్తోంది.

మూడోది, ఆ ఐదో తీగ. లావు. మామూలు సెట్టులో సన్న తీగ ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. ఈ లావు తీగ మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. నడుమ ఉక్కు తీగ, దాని చుట్టూ పొరలు పొరలుగా నికెల్ పూత తీగ చుట్టి ఉంటుంది. దాని మీద వేలు జరిపితే జర్రుమని చప్పుడు. కాసేపు వాయించాక వేళ్లు వాసన చూస్తే ఇనుము వాసన.

ఎందుకంత లావు? తీగ ఎంత పొడవుంటే అంత కింద పలుకుతుంది. కానీ పొడవు పెంచితే చెయ్యి అందదు. తీగ వదులు చేసినా కింద పలుకుతుంది. కానీ వదులైతే ఫ్రెట్ల మీద కొట్టుకుని గరగరమంటుంది. వీణకు మెట్లు ఉన్నట్టు దీనికి ఉండే లోహపు గీతలే ఫ్రెట్లు. ఇక మిగిలింది ఒక్కటే దారి. బరువు పెంచడం. పొడవు దాదాపు అదే, బిగువు దాదాపు అదే, బరువు ఎక్కువ. అందుకే అంత లావు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ముందు నాలుగో తీగ మీటుతాను. ఆ తర్వాత ఐదోది. చెవి పెట్టి వినండి.

(బేస్ గిటార్: నాలుగో తీగ ఒకసారి, కాస్త ఆగి ఐదో తీగ ఒకసారి)

విన్నారా? రెండోది ఇంకా కిందికి దిగింది కదా?

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మీ ముందున్నది చిన్న రేడియో అయితే, ఆ రెండో స్వరం అసలు మీ దాకా రానేలేదు.

అవునండీ, రాలేదు. ఐదో తీగ సెకనుకు దాదాపు 31 సార్లు ఊగుతుంది. మనిషి చెవికి అందే అడుగు హద్దు 20. అంటే హద్దుకు దగ్గరగా వచ్చేశాం. అంత నిదానంగా గాలిని కదిలించాలంటే పెద్ద స్పీకర్ కావాలి. అరచేతంత స్పీకర్ వల్ల అయ్యే పని కాదు. సెల్‌ఫోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మరి మీకు ఎట్లా వినపడింది?

తీగ ఎప్పుడూ ఒక్క స్వరమే పలకదు. అసలు స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇట్లా పైపైన ఎన్నో సన్నటి స్వరాలు కలిసి పలుకుతాయి. మీ రేడియో ఆ పైవాటిని పలికించింది. అసలుదాన్ని వదిలేసింది. మీ చెవి ఆ పైవాటిని పట్టుకుంది. వీటి వరస చూస్తే అడుగున ఫలానా స్వరం ఉండి తీరాలని లెక్క కట్టింది. లేని స్వరాన్ని తానే పూరించుకుంది. మీకు తెలియకుండానే, రెప్పపాటులో.

మళ్లీ చెప్తున్నాను, ఇది ముఖ్యం. రేడియో ఇవ్వని కింది స్వరాన్ని మీ చెవి కల్పించుకుంది. నేను కొన్నది ఐదు తీగల గిటార్. సగం వాయించింది మీరు.

ఇంట్లో వాయించినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. అక్కడ ఆంప్ ఉంది, అంటే గిటార్ స్వరాన్ని పెద్దది చేసే స్పీకర్ పెట్టె. ఆ ఐదో తీగ పుట్టించే అల పొడవు గాలిలో దాదాపు 11 మీటర్లు. మా ముందుగది పొడవు అందులో సగం కూడా లేదు. సన్న స్వరాన్ని గోడ ఆపుతుంది. లావు స్వరం గోడనే కదిలించి అవతలికి పోతుంది. మా వైపు ఇళ్లకు గోడలు ఉమ్మడి. మా గోడ ఇవతలి ముఖం మాది, అవతలి ముఖం పక్కింటివాళ్లది. సాయంత్రం కాసేపు వాయించానో లేదో, పక్కింటి పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది.

"బిడ్డా, మీ ఇంట్ల ఏమన్న మిషన్ పెట్టిన్రా? మా అల్మారిల గిలాసలు గలగల అంటున్నయ్."

"మిషన్ కాదు పెద్దమ్మా, గిటార్."

"గిటారంటే టింగుటింగుమంటది గద? గిదేంది, గుయ్యిమంటది?"

ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మీటింది నేను, మోగింది వాళ్ల అల్మారా. ఇప్పుడు ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తున్నాను. నిజం చెప్పాలంటే ఐదో తీగ హెడ్‌ఫోన్లలోనే బాగా తెలుస్తోంది.

గుయ్యిమనే చప్పుడంటే ఇంకొకటి గుర్తొచ్చింది. పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగ్ సరిగా ఉండదు. ఆంప్ పెట్టగానే, ఏమీ వాయించకుండానే ఒక ఝుంకారం వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్ గిటార్ మీద ఇది నాలుగో తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే జి స్వరానికి చాలా దగ్గర. అంటే కరెంటు కూడా మనతో పాటు బేస్ వాయిస్తుందన్నమాట. సరదాగా చెప్తున్నా గానీ, ఇది సరదా కాదు. మీ ఇంట్లో అట్లాంటి చప్పుడు వస్తుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. ఆ తర్వాతే సంగీతం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఐదో తీగ ఎవరి కోసం?

కొనేటప్పుడు నా కోసమే అనుకున్నాను. కిందికి దిగొచ్చు, దుమ్ము లేపొచ్చు అనుకున్నాను. వాయించాక అర్థమైంది. ఇది నా కోసం కాదు. పాడేవాళ్ల కోసం.

ఎట్లాగో చెప్తాను. కాస్త నిదానంగా చెప్తాను, వినండి.

మన దగ్గర పాటగాళ్లు శ్రుతిని అంకెల్లో చెప్తారు. హార్మోనియం మీద లెక్క. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు. ఒకటి అంటే సి. రెండు అంటే డి. మూడు అంటే ఈ. మగగొంతులు చాలావరకు హాయిగా పాడుకునేది ఒకటి నుంచి రెండున్నర దాకా ఉన్న శ్రుతుల్లో. స్టేజి ఎక్కాక పాటగాడు ఏమంటాడు? "అన్నా, గొంతు పట్టేసింది. ఇయ్యాల రెండుకు పెట్టు" అంటాడు. కీబోర్డు వాయించే తమ్ముడు ఒక బటన్ నొక్కుతాడు. అయిపోయింది. కీబోర్డు మొత్తం రెండు శ్రుతికి దిగిపోతుంది.

గిటార్‌కు ఆ బటన్ లేదు.

నాలుగు తీగల బేస్‌లో కింది తీగ ఏమిటి? ఈ. ఈ అంటే ఎంత? మూడు శ్రుతి. అంటే నాలుగు తీగల బేస్ మూడు దగ్గర ఆగిపోతుంది. రెండు శ్రుతి షడ్జమం, అంటే 'స', దాని కింద ఉంది. అది నా దగ్గర లేదు. అప్పుడు ఏం చెయ్యాలి? పైస్థాయి డి పట్టుకోవాలి. అదీ షడ్జమమే. కానీ పాటగాడి కాళ్ల కింద నేల ఒక అంతస్తు పైకి లేచిపోతుంది. పాట పలచబడుతుంది. లేదంటే రెండు పాటల మధ్య, చప్పట్ల సందడిలో, నాలుగో తీగ వదులు చేసి డి దాకా దించుకోవాలి. మళ్లీ తర్వాతి పాటకు బిగించుకోవాలి. పెళ్లి రిసెప్షన్‌లో అంత తీరిక ఎవరిస్తారు?

ఐదో తీగ ఇచ్చేది ఐదే ఐదు కొత్త స్వరాలు. అంతకన్నా ఒక్కటీ ఎక్కువ లేదు. కానీ ఆ ఐదింటిలో నాలుగు ఏమిటో తెలుసా? సరిగ్గా ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర. ఆ నాలుగు శ్రుతుల షడ్జమాలే. ఐదో తీగ మీద మొదటి ఫ్రెట్ ఒకటి. రెండో ఫ్రెట్ ఒకటిన్నర. మూడో ఫ్రెట్ రెండు. నాలుగో ఫ్రెట్ రెండున్నర. పాటగాడు ఏది అడిగితే అది వేలి కిందే ఉంటుంది.

ఇంకోసారి చెప్తాను. ఈ తీగ ఎక్కువ వాయించడానికి కాదు. పాడేవాళ్లు అడిగినప్పుడు ఆధార షడ్జమం చేతిలో ఉండటానికి. మొన్న ఒక ప్రోగ్రాంలో మా పాటగాడు రెండుకు దిగాడు. చరణం పూర్తయ్యి పల్లవి అందుకునే చోట ఐదో తీగ మూడో ఫ్రెట్ ఒక్కసారి మీటాను. ఒక్కసారే. అతను పాడుతూనే వెనక్కి తిరిగి చూశాడు. ఒక నవ్వు నవ్వాడు. కొన్న డబ్బు అక్కడికక్కడే వచ్చేసిందనిపించింది.

సరే, లాభం చెప్పాను. కష్టం కూడా చెప్పాలి.

ఐదో తీగతో అసలు కష్టం మోగించడం కాదు, ఆపడం. ఈ తీగ తనంతట తానే మోగుతుంది. నేను పైతీగ మీద బి స్వరం వాయిస్తే, ముట్టుకోకపోయినా కింది తీగ లేచి ఊగుతుంది. ఎఫ్ షార్ప్ వాయించినా అంతే. ఆ స్వరాలు దాని కడుపులో ముందే ఉన్నాయి కాబట్టి అవి బయట వినపడగానే ఇది పలుకుతుంది. వీధిలో డప్పులు గట్టిగా మోగినా, గోడకు ఆనించిన గిటార్‌లో ఐదో తీగ సన్నగా వణుకుతుంది. వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఒక్క తీగ ఊరికే మోగుతూ ఉంటే పాటంతా బురద అవుతుంది. అందుకని ఆ తీగ వాయించనప్పుడు కుడిచేతి బొటనవేలు దాని మీద ఆనించి ఉంచాలి. సన్న తీగలకు వెళ్లేకొద్దీ బొటనవేలు కూడా ఒక్కో తీగ కిందికి జరుగుతూ, వెనక ఉన్న తీగలన్నిటినీ నొక్కి పెట్టాలి. రెండు వేళ్లు వాయిస్తుంటే ఒక వేలు ఆపుతూ ఉంటుంది. ఎడమచేతిలో ఖాళీగా ఉన్న వేళ్లు కూడా ఆపే పనిలోనే ఉంటాయి. వింటున్నవాళ్లకు ఇదేమీ తెలియదు. తెలియకపోతేనే బాగా వాయించినట్టు.

ఇప్పుడు రెండు రకాలుగా వినిపిస్తాను. మొదట తీగల్ని ఆపకుండా. తర్వాత ఆపుతూ. వాయించేది ఒకటే.

(బేస్ గిటార్: అదే చిన్న నడక రెండుసార్లు, మొదట తీగలు వదిలేసి, తర్వాత బొటనవేలితో ఆపుతూ)

రెండోసారి స్వరాలు తక్కువ వినపడ్డాయి. పాట ఎక్కువ వినపడింది. ఐదు తీగల బేస్ నేర్పే మొదటి పాఠం ఇదే. ఇంకో తీగ కొనుక్కున్నామంటే, నిశ్శబ్దంగా ఉంచాల్సిన తీగ ఇంకొకటి కొనుక్కున్నామన్నమాట.

ఇదంతా విని, ఇది పరాయి వాయిద్యం, మనకెందుకు అనుకునేవాళ్లు కూడా ఉంటారు. కింది స్వరం మనకు కొత్త కాదండీ. వీణ మీద వాయించే నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావైన తీగ పేరే అనుమంద్రం. మంద్రానికీ కింద ఉండేది. తెలంగాణ పల్లెల్లో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల చేతిలో జమిడిక చూసే ఉంటారు. ఒక గుండ్రటి గొట్టం, అడుగున తోలు, ఆ తోలు నడుమ నుంచి పైకి లాగిన ఒక్క నరం. దాన్ని చంకలో ఇరికించుకుని, నరం బిగిస్తూ వదులుతూ మీటుతారు. డుం... డుఁవ్వు... డుం... అని పలుకుతుంది. స్వరం లాగినట్టు, జారినట్టు వస్తుంది. కథ చెప్పేవాడి గొంతు కింద అది నడుస్తుంటే కథ ఎక్కడికీ తప్పిపోదు. ఒక్క నరంతో వాళ్లు చేసే పని, ఐదు తీగలతో మేం చేసే పని ఒకటే.

మా పాతబస్తీలోనే బార్కస్ వైపు వెళ్తే మర్ఫా వినపడుతుంది. ఆఫ్రికా నుంచి, అరబ్బు దేశాల నుంచి నిజాం కొలువుకు వచ్చినవాళ్ల వారసులు నిలబెట్టిన వాద్యం అది. మన పెళ్లి ఊరేగింపుల్లో కుర్రాళ్లు ఎగిరే తీన్మార్ దరువుకు ఆ మర్ఫాతో చుట్టరికం ఉంది. అక్కడ కూడా పైన సన్న దెబ్బలు ఎన్ని పడినా, కాళ్లను లేపేది కింది దెబ్బే.

కానీ ఒక మాట చెప్పాలి. ఈ రోజుల్లో బేస్ అంటే మా కుర్రాళ్లకు డీజే బండి. బాలాపూర్ గణపతి ఊరేగింపు మా అలియాబాద్, నాగులచింత మీదుగానే చార్మినార్‌కు పోతుంది. ఆ రోజూ, బోనాల రోజూ లారీల మీద స్పీకర్లు పేర్చుకుని వస్తారు. "అన్నా, బేస్ పెంచు" అని అరుస్తారు. కిటికీ అద్దాలు వణుకుతాయి. పసిపిల్లలు ఉలిక్కిపడతారు. గుండె జబ్బున్న పెద్దవాళ్లు లోపలి గదిలోకి పోయి కూర్చుంటారు. అది బేస్ కాదు తమ్ముడూ, అది మోత. బేస్ అంటే కింది స్వరం. కింది స్వరం గట్టిగా ఉండక్కర్లేదు. చోటు తప్పకుండా ఉంటే చాలు. పక్కవాడి గొంతు మింగేసేది బేస్ కాదు. పక్కవాడి గొంతును నిలబెట్టేది బేస్.

ఇక కొనాలనుకునే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు నాలుగు మాటలు.

మొదటిది. కొత్తగా నేర్చుకుంటున్నారా? నాలుగు తీగల దానితో మొదలుపెట్టండి. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గొప్ప పాటలన్నీ నాలుగు తీగల మీదే వాయించాడు. అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. తీగలు పెరిగితే విద్య పెరగదు.

రెండోది. పాటగాళ్ల వెంట వాయిస్తున్నారా? ఆర్కెస్ట్రాలో గానీ, చర్చిలో గానీ, భజన మండలిలో గానీ ఎవరు ఏ శ్రుతి అడుగుతారో తెలియని చోట వాయిస్తున్నారా? అయితే ఐదు తీగలది కొనండి. మళ్లీ చెప్తున్నాను. ఒకటి నుంచి రెండున్నర దాకా ఉన్న శ్రుతుల షడ్జమాలు ఆ తీగ మీదే ఉన్నాయి.

మూడోది. దుకాణంలో తళతళలు చూసి కొనకండి. ఐదో తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. తర్వాత నాలుగో తీగను ఏమీ నొక్కకుండా మీటండి. రెండూ ఒకే స్వరం, ఈ. రెండూ ఒకే నిండుతనంతో పలికాయా? ఐదో తీగ గరగరలాడకుండా, సాగిపోకుండా నిలబడిందా? అయితే మంచి గిటార్. రంగు ఏదైనా ఫర్వాలేదు.

నాలుగోది. ఇలాంటి గిటార్లలో చాలావాటికి వెనక ఒక చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాయించడం అయిపోగానే వైరు పీకేయండి. గుచ్చి ఉంచితే బ్యాటరీ ఊరికే ఖర్చవుతూ ఉంటుంది. ఎండాకాలానికి, వానాకాలానికి మెడ కొంచెం వంగడం, నిక్కడం మామూలే. భయపడొద్దు. తెలిసినవాళ్ల దగ్గర ఏడాదికొకసారి సరిచేయించుకుంటే చాలు.

వాయించని శ్రోతలకు ఒక్కటే మనవి. తర్వాత వచ్చే పాటలో గొంతును కాసేపు వదిలిపెట్టి, దాని కింద ఏం నడుస్తోందో వినండి. రెండు మూడు పాటలయ్యాక చెవి దానంతట అదే పట్టుకుంటుంది. దొరికాక, ఆ వాయించిందెవరో పేరు కనుక్కోండి. ఆ పేరు పిల్లలకు కూడా చెప్పండి.

నా మటుకు నేను తేల్చుకున్నది ఇది. ఐదో తీగ అవసరమా అంటే, ఒక్కడినే కూర్చుని వాయించుకునేవాడికి అక్కర్లేదు. పక్కన పాడే మనిషి ఉన్నవాడికి మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది.